తప్పులు పట్టే కళ్ళు

ఆ సీసాల ఫ్యాక్టరీలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాడు ఆఫీసు గుమాస్తా ఒక్కడే. అదీ హాజరు పట్టీ చూసి పిలవాలి కాబట్టి. మిగతా అందరికీ ఆమె డేగక్క. పనిలో చేరిన మొదటి నెలలోనే ఆ పేరు పడిపోయింది. పదేళ్ళుగా సీసాలు చూసే బల్ల దగ్గర కూర్చుంటున్న పెద్దావిడ బాగుందని వదిలేసిన సీసాను ఈమె వెనక నుంచి చెయ్యి చాచి తీసి, "ఇందులో దారం ఉందండీ" అంది. ఫోర్‌మన్ వచ్చి సీసాను దీపం కింద అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి భూతద్దం తెప్పించుకుని మరీ చూశాడు. ఉంది. తల వెంట్రుకలో సగం మందాన, సీసా లోపల ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టినట్టు సన్నటి గాజు తీగ. "ఇవి కళ్ళా, డేగ కళ్ళా!" అన్నాడాయన. అంతే, ఇరవై రెండేళ్ళుగా అదే పేరు.

అక్కడ తయారయ్యేవి మందుల సీసాలు. దగ్గు మందు, జ్వరం మందు, పిల్లలకు పట్టే టానిక్కులు పోసే గోధుమరంగు సీసాలు. కొలిమిలో కరిగిన గాజు అచ్చుల్లో పడి సీసాగా మారి, పొడవాటి సొరంగంలాంటి పెట్టెలో మెల్లమెల్లగా చల్లారుతూ ఇవతలి హాల్లోకి వస్తుంది. ఆ హాల్లో ఒక తెల్లటి వెలుగు తెర. దాని ముందు నుంచి బెల్టు మీద సీసాలు బారులు తీరి కదిలిపోతుంటాయి. ఎదురుగా ఎత్తు స్టూళ్ళ మీద ఆడవాళ్ళు కూర్చుని, పనికిరానివాటిని ఏరి పక్కనున్న గొట్టంలో పడేస్తారు. అవి జారిపోయి మళ్ళీ కొలిమిలో కలుస్తాయి. పగటి షిఫ్టులో పన్నెండు మంది. అరగంట చూడటం, అరగంట పెట్టెల్లో సర్దటం. అంతకుమించి చూస్తే కళ్ళు తెరిచే ఉంటాయి గానీ చూపు పనిచెయ్యదు.

కంపెనీ పుస్తకంలో తప్పులకు అంకెలుండేవి. ఒకటో రకం, ఏడో రకం, పదమూడో రకం. అంకెలెవరికి గుర్తుంటాయి? ఆడవాళ్ళే వాటికి పేర్లు పెట్టుకున్నారు. లోపల తీగ కట్టి ఉంటే అది ఊయల. బుడగ ఉంటే పొక్కు. కరగని ఇసుక రేణువు మిగిలిపోతే పంటికింద రాయి. మెడ దగ్గర వంకరగా, సన్నగా పగిలిన గీతను నవ్వు అనేవారు. అడుగు ఒక పక్కకు పల్చబడి, బల్ల మీద పెడితే నిలవలేక ఊగే సీసా తాగుబోతు. "ఇవాళ పొద్దుట్నుంచి అందరూ తాగుబోతులేనే, అచ్చులో ఏదో తేడా వచ్చినట్టుంది" అని ఒకరంటే, "మా ఇంట్లోదొకటి ఉంది, దాన్ని కూడా ఈ గొట్టంలో పడేద్దామా?" అని ఇంకొకరు. అలా అనేది సాధారణంగా గలగల వదిన. డేగక్క పక్క స్టూలు ఆవిడది. చేతులు ఎంత వేగంగా ఆడతాయో నోరూ అంతే వేగం. ఆవిడ సెలవు పెట్టిన రోజు హాలు బోసిపోయేది.

ఈ పనితో వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, కళ్ళను ఫ్యాక్టరీలో వదిలేసి ఇంటికి రావడం కుదరదు. డేగక్క గడపలో చెప్పులు విడుస్తూనే గోడ మీది మరక చూసేది. పళ్ళెం అంచు పెచ్చు ఊడిందనేది. గ్లాసు మీద వేలిముద్ర ఉందనేది. భర్త వడ్రంగి. ఆమె పనిలో చేరిన కొత్తలో తన చేత్తో, ఎంతో ముచ్చటపడి చేసిన బీరువాను చూపిస్తే, "ఎడమ తలుపు వెంట్రుకవాసి పైకుంది" అంది. ఆయన కొలబద్ద పెట్టి చూసుకున్నాడు. నిజమే. తర్వాత ఎన్నేళ్ళయినా ఇంట్లోకి ఏ కొత్త వస్తువు చేసినా, ఆమె లేని పూట చూసి బిగించేవాడు.

కోడలి సంగతి మరీ కష్టం. ఆ అమ్మాయి ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బడి పిల్లల బట్టలు కుడుతుంది. చేతిలో పని ఉన్న పిల్ల, ఓపిక ఉన్న పిల్ల. అయినా అత్తగారు వచ్చే వేళకు కుట్టిన బట్టలన్నీ మడిచి దుప్పటి కింద దాచేసేది. ఎందుకంటే ఆమె దారిన పోతూ, నిలబడనైనా నిలబడకుండా, "ఆ మూడో గుండీ కొంచెం కిందికొచ్చినట్టుందమ్మా" అనేసేది. తిట్టాలని కాదు, దెప్పాలనీ కాదు. ఒంట్లో నెత్తురున్నట్టు కంట్లో ఆ చూపు ఉండిపోయింది. ఒకసారి కొడుకు భోజనం దగ్గర నవ్వుతూనే అడిగాడు. "అమ్మా, నన్నెప్పుడు గొట్టంలో పడేస్తావు?" అందరూ నవ్వారు. డేగక్క కూడా నవ్వింది గానీ, ఆ పూట రెండోసారి అన్నం వడ్డించుకోలేదు.

కెమెరాల యంత్రం వస్తోందన్న కబురు ముందుగా మోసుకొచ్చింది గలగల వదినే. "మనల్నందరినీ ఇంటికి పంపించేస్తారట. ఆరు కెమెరాలట. రెప్ప వెయ్యవు, టీ తాగవు, నడుం నొప్పి అనవు" అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఎవరూ నవ్వలేదు. ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో పన్నెండు మంది ఒకే బల్ల చుట్టూ ఇరుక్కుని కూర్చున్నారు. ఒకావిడ ఇంట్లో సంపాదించేది తనొక్కతే. ఇంకొకావిడకు చదువు రాదు, మరో పని చేతకాదు. నలభై ఆరేళ్ళ వయసులో డేగక్కకు తెలిసిన విద్య ఒక్కటే, చూడటం. దాన్ని కూడా ఒక డబ్బా నేర్చుకుంటుందట.

యంత్రం వచ్చింది. మనిషెత్తు గాజు పెట్టె. లోపల కెమెరాలు. సీసా వాటి మధ్యకు రాగానే గిర్రున ఒక చుట్టు తిరుగుతుంది, తప్పుంటే పక్క నుంచి ఫూ అని గాలి ఊది దాన్ని గొట్టంలోకి తోసేస్తుంది. దాన్ని నడిపించడానికి ఒక ఇంజనీరు అమ్మాయి కూడా వచ్చింది. పాతికేళ్ళు దాటి ఉంటాయేమో. జుట్టు ముడేసుకుని, ముడిలో పెన్ను గుచ్చుకుని, పొద్దస్తమానం తెర ముందే ఉండేది.

మొదటి వారం యంత్రం చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. ఫూ ఫూ మంటూ కనిపించిన సీసానల్లా తోసేసింది. దుమ్ము ఉన్నా తోసింది, నీటి చుక్క ఉన్నా తోసింది. పనికొచ్చే గాజు గుట్టలుగా పడింది. ఫోర్‌మన్ తల పట్టుకున్నాడు. ఇంజనీరమ్మాయి ఏదో సర్దింది. రెండో వారం ఫూ తగ్గింది. ఫోర్‌మన్ ఊపిరి పీల్చుకున్నాడు. కానీ డేగక్క అలవాటు కొద్దీ యంత్రం దాటి వచ్చిన పెట్టెలోంచి ఒక సీసా తీసి, మెడ పక్కకు వాల్చి చూసి, "ఇది నవ్వుతోంది" అంది. పక్కదాన్ని తీసింది. "ఇదీనూ." ఒక్క పెట్టెలో నాలుగు పగిలిన మెడలు.

ఇంజనీరమ్మాయి పరుగున వచ్చింది. ఆ సీసాలను మళ్ళీ యంత్రంలో పెట్టి తిప్పింది. యంత్రం నాలుగింటినీ బాగున్నాయంది.

"అక్కా, మీకెలా కనిపించింది? నాకు చేత్తో పట్టుకుని చూసినా కనిపించట్లేదు."

"ఏమోనమ్మా, కనిపించింది."

డేగక్క అంతకుమించి చెప్పలేదు. చెప్పలేక కాదు. వెనక నుంచి గలగల వదిన ఆమె కొంగు పట్టుకుని లాగింది.

చేతులు కడుక్కునే చోట ఇద్దరూ తేల్చుకున్నారు.

"చెప్పావంటే మాత్రం మన నోట్లో మనమే మట్టి కొట్టుకున్నట్టు. అది తప్పులు చేస్తున్నన్నాళ్ళే మనకి ఇక్కడ స్టూలు" అంది గలగల వదిన.

"ఆ సీసాలు బజారుకి పోతాయి కదే."

"పోనీ. వాళ్ళ యంత్రం, వాళ్ళ ఖర్మ."

"పిల్లలకి పట్టే మందే అది. మెడ దగ్గర పెచ్చు ఊడి చెంచాలో పడితే?"

గలగల వదిన కుళాయి కట్టేసి, "నువ్వెప్పుడూ ఇంతే, ఎదుటివాడి నోరు నొక్కేస్తావు" అని విసురుగా వెళ్ళిపోయింది.

రెండు రోజులు డేగక్క కాలు గాలిన పిల్లిలా తిరిగింది. ఇంట్లో గ్లాసు మీద వేలిముద్ర ఉన్నా ఏమీ అనలేదు. కోడలు భయపడి, "అత్తయ్యా, ఒంట్లో బాగుందా?" అని నుదురు తాకి చూసింది. విషయం విని భర్త రంపం పక్కన పెట్టాడు. "నేర్పడం తప్పు కాదు. ఒక్కదానివే వెళ్ళి నేర్పడం తప్పు" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నెలకోసారి మాట్లాడతాడు. ఆమె తలలో అదే తిరిగింది.

మూడో రోజు ఫోర్‌మన్‌ను వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది. ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో కుర్చీ మీద కూర్చోవడం అదే మొదలు. కుర్చీ అంచున కూర్చుంది.

"దానికి చూడటం నేర్పుతాం సార్. కానీ నేనొక్కదాన్నే నేర్పను. పన్నెండు మందిమీ నేర్పుతాం. ఒక్కొక్కరికి ఒక్కో తప్పు బాగా తెలుసు. నేర్పిన తర్వాత మా పన్నెండు మందికీ ఇక్కడే వేరే పని చూపించాలి. ఆ మాట కాగితం మీద రాసివ్వాలి."

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పన్నెండు మందికి పని ఎక్కణ్ణుంచి తెమ్మంటావమ్మా?"

"చెడిపోయిన సీసాలతో లారీలు వెనక్కి రాకపోతే ఎంత మిగులుతుందో, అక్కణ్ణుంచి సార్."

ఫోర్‌మన్‌కు దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు.

బేరం వారం రోజులు నడిచింది. కార్మిక సంఘం నాయకుడొచ్చాడు, పై ఆఫీసు నుంచి ఎవరో వచ్చారు. చివరికి తొమ్మిది మందికి కుదిరింది. మిగిలిన ముగ్గురూ పరిహారం తీసుకుని మానేశారు. అందులో ఇద్దరు ఎప్పటినుంచో మానేద్దామనుకుంటున్నవాళ్ళే. మూడో ఆవిడ మాత్రం ఇష్టంగా వెళ్ళలేదు. ఆవిడ ఎదురుపడితే డేగక్కకు ఇప్పటికీ తల వంగిపోతుంది. పన్నెండు అడిగి తొమ్మిదితో ఎందుకు సరిపెట్టుకున్నానా అని తనను తాను అడుగుతూనే ఉంటుంది.

ఇక నేర్పడం మొదలైంది. ఇంజనీరమ్మాయి నవ్వు సీసాను చేతికిచ్చి, "మామూలుగా చూసినట్టే చూడండక్కా" అని, సీసాను కాకుండా డేగక్కను గమనించింది. పది నిమిషాలు చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది.

"మీరు తల వాలుస్తున్నారు! ప్రతిసారీ, ఎడమవైపు!"

"వాలుస్తానమ్మా. తిన్నగా చూస్తే వెలుతురు గాజులోంచి దూరిపోతుంది. పక్క నుంచి చూస్తేనే పగులు మీద తళుక్కుమంటుంది." డేగక్క యంత్రం వైపు జాలిగా చూసింది. "పాపం, దానికి మెడ లేదు కదా."

మెడ లేని యంత్రానికి పక్కగా ఇంకో దీపం పెట్టారు. ఆ సాయంత్రానికల్లా నవ్వులన్నీ దొరకడం మొదలైంది.

మూడు నెలలు అలా గడిచాయి. ఆడవాళ్ళు సీసాలు ఏరి వేరువేరు పళ్ళాల్లో పెట్టేవారు. ఇంజనీరమ్మాయి వాటి ఫొటోలు తీసి యంత్రానికి పాఠం చెప్పేది. మొదట్లో ఉలకని పలకని గలగల వదిన కూడా మూడో రోజుకే ఊరుకోలేకపోయింది. "అది పొక్కు కాదమ్మాయ్, నూనె మరక. వేలితో రాస్తే పోతుంది. ఇంత చదువు చదివావు, అదీ తెలీదా?" అంటూ దిగిపోయింది. అమ్మాయికి పదమూడో రకం, ఏడో రకం అనే అంకెలతో తల బొప్పి కట్టింది. ఒకరోజు పొద్దున వచ్చి చూసేసరికి యంత్రం తెర మీద అంకెలు లేవు. ఊయల, పొక్కు, పంటికింద రాయి, నవ్వు, తాగుబోతు. ఒక్కోదాని ఎదురుగా ఆ పూట ఎన్ని దొరికాయో లెక్క. ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. తనిఖీకి వచ్చిన పై ఆఫీసు పెద్దమనిషి గంభీరంగా తెర చదివి, "ఇవాళ తాగుబోతులు ఎక్కువగా ఉన్నారేమిటి?" అని అడిగినప్పుడు ఫోర్‌మన్ ముఖం చూసి తీరాలి.

ఇప్పుడు ఆ హాల్లో స్టూళ్ళు లేవు. ఒక యంత్రం కాస్తా మూడయ్యాయి. డేగక్కా ఇంకో ముగ్గురూ వాటి మధ్య తిరుగుతుంటారు. గంటకోసారి యంత్రం దాటించిన సీసాలు కొన్ని తీసి చూస్తారు. ఒకే రకం తప్పు వరసగా వస్తుంటే ఏ అచ్చులో తేడా ఉందో కనిపెట్టి కొలిమి వైపు వాళ్ళకు కబురు పెడతారు. మొదట్లో ఆ వేడి వైపు మగవాళ్ళు "ఆడవాళ్ళా మాకు చెప్పేది" అన్నట్టు చూశారు. రెండుసార్లు ఆమె చెప్పిన అచ్చే పాడై ఉండటంతో, ఇప్పుడు ఆమె కనిపిస్తే చాలు, "ఎన్నో నంబరు అచ్చక్కా?" అని వాళ్ళే అడుగుతున్నారు. మిగతా వాళ్ళు సర్దే విభాగంలో, గిడ్డంగిలో కుదురుకున్నారు.

గలగల వదినను గిడ్డంగికి వేశారు. అక్కడ అంతా పెట్టెలే, మనుషులు తక్కువ. పెట్టెలతో ఏం మాట్లాడుతుంది? నాలుగు నెలలు ముళ్ళ మీద కూర్చున్నట్టు గడిపి ఒకరోజు మానేసింది. కొన్నాళ్ళు డేగక్క ముఖం కూడా చూడలేదు. తర్వాత బస్‌స్టాండులో విచారణ కిటికీ దగ్గర పని దొరికింది. ఏ బస్సు ఎప్పుడు, ఎక్కడ మారాలి, ఎక్కడ దిగాలి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చెప్పడమే పని. ఒకసారి డేగక్క అటు వెళ్తే కిటికీలోంచి చెయ్యి ఊపి పిలిచింది. వెనకాల వరుసలో ఆరుగురు నిలబడి ఉన్నారు.

"ఇన్నాళ్ళూ మాట్లాడొద్దని కేకలేసేవాళ్ళు. ఇప్పుడు మాట్లాడినందుకు జీతమిస్తున్నారే! ముందే తెలిస్తే ఆ యంత్రాన్ని నేనే మోసుకొచ్చేదాన్ని" అంది. వరుసలో వెనకాయన విసుక్కుంటే, "ఉండండి బాబూ, మీ బస్సింకా రాలేదు" అని కసిరింది.

డేగక్కకు కళ్ళ మంట తగ్గింది. ఒకప్పుడు పడుకుని కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక కూడా సీసాలు కుడి నుంచి ఎడమకు కదులుతూనే ఉండేవి. అవి ఎప్పుడు ఆగిపోయాయో ఆమెకు తెలియదు. ఒక ఆదివారం మధ్యాహ్నం కోడలు కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. డేగక్క వచ్చి పక్కన పీట వేసుకుని, కత్తిరించిన ముక్కలు చేతికందిస్తూ, కోడలు చెప్పే బడి పిల్లల కబుర్లు వింది. అరగంట తర్వాత కోడలు ఉన్నట్టుండి మిషను ఆపింది.

"అత్తయ్యా, ఈ కాలరు వంకరగా ఉంది. మీరు చూళ్ళేదా?"

డేగక్క కాలరు వైపు చూసింది. నిజమే, వంకరగానే ఉంది.

"చూళ్ళేదమ్మా. నువ్వు చెప్తున్న కథ వింటున్నా. తర్వాత ఏమైంది, ఆ పిల్లాడి చొక్కా దొరికిందా?"

కోడలు కుట్టు విప్పుకుంటూ కథ అందుకుంది. ఆ రోజు నుంచి దుప్పటి కింద ఏమీ దాచలేదు.

మొన్న కంపెనీ వాళ్ళు కొత్తగా ఇంకో ఊళ్ళో కెమెరాలు పెడుతూ, అక్కడివాళ్ళకు చూపించడానికి ఇంజనీరమ్మాయితో పాటు డేగక్కను రెండు రోజులు పంపించారు. రైల్లో కిటికీ పక్క సీటు. దిగాక లాడ్జిలో ఒక గది, తనొక్కదానికే. జీవితంలో మొదటిసారి ఎవరో పరిచిన పక్క మీద కూర్చుంది. తెల్లవారగానే తలుపు తట్టి ఎవరో టీ ఇచ్చి వెళ్ళారు. కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, ఎదురుగా తెలియని వీధిలో తెలియని జనం పనులకు పోవడం చూస్తూ మెల్లగా తాగింది. తర్వాత ఇంటికి ఫోన్ చేసింది.

"ఏం తిన్నారు?" అని అడిగింది భర్తను.

"కోడలు పుట్టింటికెళ్ళింది కదా. నేనే వండుకున్నా. అడుగంటింది."

"మరి?"

"తిన్నా. బాగానే ఉంది." ఆయనే అడిగాడు. "అక్కడ ఎలా ఉంది?"

"నాకేం, మహారాణిలా ఉన్నా" అంది డేగక్క. కింద నుంచి ఇంజనీరమ్మాయి "అక్కా, బండి వచ్చింది!" అని పిలిచింది. డేగక్క ఫోన్ పెట్టేసి, మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగి, చెప్పులు వేసుకుని గబగబా మెట్లు దిగింది.